కారు ముందు అద్దాన్ని డ్రైవరు సీటులో కూర్చుని పరీక్షించాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పత్రికల వాహనాల పేజీలలో ఇంజిన్ల గురించి, మైలేజీ గురించి, టైర్ల గురించి, పెయింటు మెరుపును కాపాడే పూతల గురించి వ్యాసాలు తరచుగా వస్తుంటాయి. కారు నడిపే మనిషి దారినంతా దేని గుండా చూస్తాడో ఆ ముందు అద్దం సంగతి మాత్రం, అది పగిలితే బీమా వర్తిస్తుందా లేదా అన్న చర్చలో తప్ప, ఎక్కడా పెద్దగా కనిపించదు. కార్ల అద్దాలు బిగించే పనిలో ఉన్నవాడిగా ఈ విషయంలో పాఠకులకు చెప్పవలసింది ఒకటి ఉందనిపించి ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం నిడివి ఎక్కువైనా ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

అద్దం శుభ్రంగా ఉందో లేదో చాలామంది కారు బయట నిలబడి, వెలుతురు తమ వీపు వెనుక ఉండగా చూసి తేల్చుకుంటారు. అక్కడి నుంచి చూస్తే మరీ బురద పడితే తప్ప ప్రతి అద్దమూ శుభ్రంగానే కనిపిస్తుంది. అదే అద్దాన్ని పొద్దు వాలే వేళ, సూర్యుడు ఎదురుగా ఉండగా, డ్రైవరు సీటులో కూర్చుని చూస్తే దాని మీద ఉన్న పొరలూ చారలూ గీతలూ అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. ఇందులో కంటి లోపమేమీ లేదు. సన్నని ధూళి కణాలూ జిడ్డు పొరలూ తమ మీద పడిన వెలుతురును అన్ని వైపులకూ సమానంగా చెదరగొట్టవు. అది ఏ దిశలో వస్తోందో ఎక్కువ భాగాన్ని ఆ దిశకు అటూ ఇటూగా ముందుకే పంపుతాయి. అందువల్ల ఎదుటి నుంచి వచ్చే సూర్యకాంతి గానీ, హెడ్‌లైట్ల వెలుగు గానీ మురికి అద్దాన్ని దాటుతూ డ్రైవరు కంటి వైపే చెదురుతుంది. బయట నిలబడి, వెలుతురును వెనుక ఉంచుకుని చూసేవారికి అందులో చాలా కొద్ది భాగమే తిరిగి వస్తుంది. అలా చెదిరిన వెలుగు డ్రైవరు చూపు మీద ఒక తెల్లని తెరను పరుస్తుంది. ముదురు రంగు దుస్తులు వేసుకుని రోడ్డు దాటే మనిషి, లైటు లేని సైకిలు, రోడ్డు మధ్యలోని గుంత ఆ తెరలో కలిసిపోతాయి. రాత్రిపూట ఎదుటి వాహనాల లైట్లు కళ్లలో కొడుతున్నాయని అనేవారిలో కొందరి ఇబ్బందికి కారణం ఎదుటి లైట్లు కాదు, తమ సొంత అద్దమే.

కనుక నా మొదటి సూచన ఏమిటంటే, అద్దం తుడిచిన తరువాత డ్రైవరు సీటులో కూర్చుని, కారును వెలుతురుకు ఎదురుగా నిలిపి చూడాలి. సాయంత్రపు ఎండ దొరకకపోతే చీకటి పడ్డాక ఇంకొకరి చేత బయట అద్దానికి ఎదురుగా ఒక టార్చి పట్టించినా సరిపోతుంది. ఈ పరీక్షలో నెగ్గిన అద్దమే శుభ్రమైన అద్దం.

ఇక తుడిచే పద్ధతి గురించి. అద్దానికి జరిగే నష్టంలో అధిక భాగం దానిని శుభ్రం చేస్తున్నామని అనుకుంటూ మనం చేసేదే. ఉదయం కారు తీసే ముందు పొడి గుడ్డతో అద్దాన్ని నాలుగు తుడుపులు తుడవడం చాలామందికి అలవాటు. గుడ్డ కూడా చేతికి దొరకనివారు నీళ్లు చిమ్మకుండానే వైపర్ తిప్పేస్తారు. రోడ్డు దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది, ఇసుకలో అధిక భాగం క్వార్ట్జ్ అనే ఖనిజం. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ సూచికలో క్వార్ట్జ్ స్థానం 7. అద్దాలకు వాడే మామూలు గాజు స్థానం ఇంచుమించు 5.5. అంటే ఇసుక గాజును గీయగలదు, గాజు ఇసుకను ఏమీ చేయలేదు. పొడి దుమ్ము మీద గుడ్డ గానీ వైపర్ రబ్బరు గానీ లాగడమంటే అద్దాన్ని గరుకు కాగితంతో రుద్దడమే. ఒక్కరోజులో ఆ గీతలు కనిపించవు. కొన్నేళ్లకు వైపర్ తిరిగే మేర ఒక సన్నని వలయాల వల ఏర్పడి, ఎదురెండలో మెరవడం మొదలుపెడుతుంది. అప్పుడు యజమాని అద్దం పాతబడిందని అంటాడు. నిజానికి పొడి తుడుపులే లేకపోతే గాజుకు అంత త్వరగా ముసలితనం రాదు.

ఈ గీతలను పోగొట్టడం తేలిక కాదన్న సంగతి కూడా చెప్పాలి. పెయింటు మీది సన్నని గీతలను పాలిష్‌తో తీసినంత సులువుగా గాజు మీది గీతలు పోవు. సీరియం ఆక్సైడ్ పొడిని నీటిలో కలిపి, మెత్తని ఫెల్ట్ చక్రంతో ఓపికగా రుద్దితే వెంట్రుక వంటి గీతలు కొంత తగ్గుతాయి. గోరుతో మీటితే తగిలేంత లోతుగా ఉన్న గీతను అలా అరగదీయబోతే ఆ చోట గాజు పల్లమై, దాని గుండా కనిపించే దృశ్యం వంకర పోతుంది. డ్రైవరు చూపు సాగే భాగంలో అటువంటి పని చేయించుకోవద్దని నన్ను అడిగినవారికి చెబుతుంటాను.

సరైన పద్ధతిలో కష్టమేమీ లేదు, ముందు నీళ్లు, ఆ తరువాతే గుడ్డ. ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును కిందికి కొట్టుకుపోనివ్వాలి. కారు షాంపూ కలిపిన నీటితో మెత్తని స్పాంజితో పై నుంచి కిందికి తుడిచి, మళ్లీ మంచినీళ్లు పోసి, మైక్రోఫైబర్ గుడ్డతో తడి ఆరకముందే తుడిచేయాలి. బానెట్, చక్రాలు తుడిచిన గుడ్డను అద్దం మీదికి తేకూడదు; ఆ గుడ్డలో ఇసుకా ఉంటుంది, పాలిష్ మైనమూ ఉంటుంది. మండుటెండలో, అద్దం చేతికి కాలుతున్నప్పుడు కడగకపోవడం మంచిది. తుడిచేలోపే నీరు ఆవిరైపోయి అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని చుక్కలుగా మిగిలిపోతాయి. కొత్త మరకలైతే సమపాళ్లలో నీరు కలిపిన తెల్ల వెనిగర్‌లో తడిపిన గుడ్డను వాటి మీద కొద్ది నిమిషాలు పరిచి ఉంచితే కరిగిపోతాయి. ఆ ద్రవం పెయింటు మీద, రబ్బరు మీద నిలవకుండా వెంటనే కడిగేయాలి. నెలల తరబడి వదిలేసిన మరకలు గాజు పై పొరనే తినేస్తాయి, వాటికి వెనిగర్ పనికిరాదు.

పక్షుల రెట్టలు, ఎండిన పురుగులు, చెట్ల జిగురు సంగతి వేరు. వీటి దగ్గర అందరూ చేసేది బలం ఉపయోగించడం. గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డను మరక మీద వేసి ఊరనిస్తే రెట్టా పురుగూ వాటంతట అవే ఊడివస్తాయి. జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటించిన దూది చాలు. అంట్లు తోమే పీచును మాత్రం అద్దం దరిదాపులకు రానీయకూడదు. స్టిక్కరు ఊడదీశాక మిగిలిన బంకను కొత్త బ్లేడుతో గీకడంలో తప్పు లేదు, అయితే గాజు బాగా తడిగా ఉండాలి, బ్లేడును పడుకోబెట్టినట్టు పట్టుకోవాలి, ఒకే దిశలో నెట్టాలి. ఫిల్ము అంటించిన అద్దానికీ, సన్నని తీగలు పరిచిన వెనుక అద్దానికీ లోపలివైపు బ్లేడు పెట్టనే కూడదు.

ఇంతవరకు చెప్పినది బయటివైపు సంగతి. అసలు నిర్లక్ష్యమంతా లోపలివైపునే జరుగుతోంది. వారం వారం కారు కడిగేవారు కూడా ముందు అద్దాన్ని లోపల తుడిచి ఎన్నాళ్లయిందని అడిగితే గుర్తు చేసుకోవలసి వస్తుంది. వాన గానీ దుమ్ము గానీ పడని చోట మురికి ఎక్కడి నుంచి వస్తుందని వారి సందేహం. అది డ్యాష్‌బోర్డు నుంచే వస్తుంది. ప్లాస్టిక్కునూ కృత్రిమ తోలునూ మెత్తగా ఉంచడానికి వాటిలో కలిపే రసాయనాలు ఎండకు కారు వేడెక్కినప్పుడు కొద్దికొద్దిగా ఆవిరై, తరువాత చల్లబడిన గాజు మీద జిడ్డుగా పేరుకుంటాయి. కొత్త కారులో ఇది మరీ ఎక్కువ. కొత్త కారు వాసన అని అందరూ ఇష్టపడేదానిలో ఈ ఆవిర్ల పాలు కూడా ఉంది. దీనికి సిగరెట్టు పొగ, సువాసన స్ప్రేలు, మనుషుల ఊపిరి తేమ, చేతివేళ్ల జిడ్డు తోడవుతాయి. డ్యాష్‌బోర్డుకు నిగనిగలాడే పాలిష్ పట్టించేవారు ఈ పొరకు తామే సరుకు అందిస్తున్నారు. పైగా ఆ మెరుపు ఏటవాలు అద్దంలో ప్రతిబింబించి పగటి చూపును కూడా చెడగొడుతుంది. డ్యాష్‌బోర్డు మెరవకుండా మందకొడి రంగులో ఉండడమే మేలని నా అభిప్రాయం. తళతళలాడేటట్టు చేసి పంపడమే మంచి సర్వీసింగ్ అనుకునే చోట్ల ఈ అభిప్రాయానికి ఆదరణ ఉండదని తెలుసు.

ఈ పొర జిడ్డు కాబట్టి ఒట్టి నీటికి కరగదు. తడిగుడ్డతో తుడిస్తే అది గాజు మీద అటూ ఇటూ పూసుకుపోయి మునుపటికంటే అసహ్యంగా చారలు కడుతుంది. లోపలి అద్దాన్ని ఎంత తుడిచినా పోదని విసుగెత్తినవారి అనుభవం ఇదే. సమపాళ్లలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, శుద్ధజలం కలిపిన ద్రవంతో గానీ, అమోనియా లేదని సీసా మీద రాసి ఉన్న అద్దాల ద్రావకంతో గానీ తుడవాలి. అమోనియా ఫిల్మును పాడుచేస్తుంది, మూసి ఉన్న కారులో దాని ఘాటు మనిషికీ మంచిది కాదు. ఆల్కహాల్ వాడేటప్పుడు తలుపులు తెరిచి ఉంచాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు. ద్రవాన్ని గాజు మీద కాకుండా గుడ్డ మీద చల్లుకోవాలి, లేకపోతే అది అద్దం అంచున జారి డ్యాష్‌బోర్డు సందుల్లోని వైర్లలోకి, స్పీకర్లలోకి దిగుతుంది. ఒక గుడ్డతో జిడ్డు తీసి, వెంటనే రెండవ పొడి గుడ్డతో ఆరబెట్టాలి. మొదటి గుడ్డను మడతలు మార్చుకుంటూ వాడాలి, జిడ్డెక్కిన మడతతో మళ్లీ తుడిస్తే తీసిన జిడ్డును తిరిగి పూసినట్టే. పేరుకున్న పొర మందంగా ఉంటే ఇదంతా రెండుసార్లు చేయవలసి వస్తుంది.

అద్దం డ్యాష్‌బోర్డును కలిసే మూల దగ్గర చెయ్యి దూరదు. అందుకే అందరి కార్లలోనూ అక్కడ ఒక విల్లు ఆకారపు మురికి గీత మిగిలిపోతుంది. డ్రైవరు వైపు నుంచి కాకుండా పక్క సీటులో కూర్చుని, అరచేతిని గాజు వైపు కాక పైకి తిప్పి, వేళ్ల వెనుక భాగంతో గుడ్డను నెడితే ఆ మూల అందుతుంది. లోపల అడ్డంగానూ బయట నిలువుగానూ తుడవడం పాతకాలపు చిట్కాయే అయినా నేటికీ పనికొస్తుంది, ఏదైనా చార మిగిలితే అది ఏ వైపుదో దాని దిశే చెప్పేస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డలను మామూలు బట్టలతో కలిపి, బట్టలను మెత్తబరిచే ద్రవం వేసి ఉతకకూడదు. ఆ ద్రవం పోగుల మీద పొరగా నిలిచి, తుడిచినప్పుడు గాజుకు అంటుకుంటుంది.

ఇక్కడ మీ పత్రికకు సంబంధించిన చిన్న విషయం ఒకటి ఉంది. అద్దాలను పాత వార్తాపత్రికతో తుడవడం తరతరాల అలవాటు. కాగితం నూగు వదలదు, తేమను బాగా పీల్చుకుంటుంది కాబట్టి ఇంట్లో కిటికీ అద్దాలకు అది బాగానే పనిచేస్తుంది. కారు లోపల మాత్రం తడిసిన కాగితం నుంచి సిరా ఊడి లేత రంగు డ్యాష్‌బోర్డుకూ సీలింగు గుడ్డకూ అంటుకుంటే వదలదు. కనుక మీ పత్రికను చదువుకోవడానికే ఉంచమని పాఠకులను కోరుతున్నాను.

మొదటి వైపర్ పేటెంట్లలో ఒకదానిని 1903లో అమెరికా మహిళ మేరీ ఆండర్సన్ పొందారు. మంచు పడుతున్న వేళ ట్రాము నడిపే మనిషి ముందు కిటికీ తెరుచుకుని బయటికి చూడవలసి రావడం గమనించి, లోపలి నుంచే తిప్పగలిగే రబ్బరు పట్టీని ఆమె రూపొందించారు. నూట ఇరవై ఏళ్లు దాటినా సూత్రం మారలేదు, ఒక సన్నని రబ్బరు అంచు గాజును ఒరుసుకుంటూ నీటిని నెట్టాలి. ఆ అంచు మీద పేరుకున్న నల్లటి మురికిని తడిగుడ్డతో నెలకొకటి రెండుసార్లు తుడిస్తే చాలావరకు కొత్త బ్లేడుల ఖర్చు వాయిదా పడుతుంది. వైపర్ తిరిగాక సన్నని నీటి గీతలు మిగులుతున్నాయంటే అంచుకు మురికి పట్టిందనో, అది చిరిగిందనో అర్థం. ఒకచోట పెద్ద పట్టీ తుడవకుండా వదిలేస్తోందంటే బ్లేడు గానీ దాని చెయ్యి గానీ వంగి ఉంటుంది. కటకటమని ఎగురుతూ తిరుగుతోందంటే గాజు మీద మైనమో సిలికానో ఉండవచ్చు, రబ్బరు గట్టిపడి ఒక వైపుకే వాలిపోయి ఉండవచ్చు. గాజు సంగతి చూడకుండా బ్లేడులు మార్చేవారికి కొత్తవి కూడా వారంలోనే కటకటలాడతాయి. నీరు ముత్యాలుగా జారిపోయే పూతల విషయమూ ఇంతే, జిడ్డు పూర్తిగా తీయని అద్దం మీద వేస్తే అవి వైపర్‌ను మరింత ఎగిరిస్తాయి. ఎండకు రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చక తప్పదు. మార్చేటప్పుడు బ్లేడు తీసిన ఇనుప చెయ్యి స్ప్రింగు బలంతో ఒక్క దెబ్బకు గాజు మీద పడి దాన్ని పగలగొట్టగలదు. అద్దం మీద మందపాటి గుడ్డ మడత పరచి పని మొదలుపెట్టడం మంచిది.

అద్దం మీదికి చిమ్మే నీటిని నిలవ ఉంచే వాషర్ ట్యాంకులో కుళాయి నీరు పోసి వదిలేయడం అంత మంచి అలవాటు కాదు. నీటిలోని లవణాలు నాజిళ్లను పూడుస్తాయి. నిలవ నీటిలో లీజియొనెల్లా అనే బాక్టీరియా పెరగగలదనీ, తుంపరలుగా పీల్చితే తీవ్రమైన న్యుమోనియా రావచ్చుననీ, అందుచేత ట్యాంకులో ఒట్టి నీటికి బదులు వాషర్ ద్రవం వాడడం మంచిదనీ బ్రిటన్ ప్రజారోగ్య పరిశోధకులు 2010లో హెచ్చరించారు. అంట్ల సబ్బు ద్రవం కలిపితే నురగ, పొర రెండూ మిగులుతాయి. మంచు కురిసే చోట ఒట్టి నీరు గడ్డకట్టి ట్యాంకునే పగలగొట్టవచ్చు.

అద్దానికి లోపల ఆవిరి పట్టినప్పుడు అరచేతితో తుడవడం మరో దురలవాటు, అది చేతి జిడ్డును కంటికి ఎదురుగా పూయడమే. ఏసీ వేసి, గాలిని అద్దం వైపు మళ్లించి, లోపలి గాలినే తిప్పే మీటను ఆపి బయటి గాలిని రానిస్తే తేమ తగ్గి నిమిషాలలో చూపు తేటపడుతుంది. ఆవిరి బయటివైపు పట్టి ఉంటే కారణం అద్దం మీదికి కొట్టే చల్లగాలి. వైపర్ ఒకసారి తిప్పి, ఏసీ చలి తగ్గించాలి.

చివరగా రాయి తగిలిన అద్దం గురించి. ముందు అద్దం ఒకే గాజు పలక కాదు. రెండు గాజు పలకల నడుమ పాలీవినైల్ బ్యూటిరాల్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాని మందం సాధారణంగా 0.76 మిల్లీమీటర్లు. లోపల సెల్యులోజ్ నైట్రేట్ అనే ప్లాస్టిక్ వంటి పదార్థం పొరగా ఎండిన గాజు కుప్పె కిందపడినా ముక్కలు చెదరకపోవడం గమనించి, ఈ రకం గాజుకు 1909లో పేటెంటుకు దరఖాస్తు చేసినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్. రాయి తగిలినప్పుడు సాధారణంగా బయటి పలక మాత్రమే చిట్లుతుంది. చిన్న నాణెమంత దెబ్బ అయితే అందులోకి రెజిన్ అనే పారదర్శకమైన జిగురు ద్రవాన్ని ఎక్కించి అతినీలలోహిత కాంతితో గట్టిపరచి అద్దాన్ని నిలబెట్టవచ్చు, కానీ ఆ చిట్లులోకి దుమ్మూ సబ్బు నీరూ చేరితే రెజిన్ సరిగా పట్టదు. అందుచేత దెబ్బ తగిలిన వెంటనే దాన్ని పొడిగా ఉన్నప్పుడే పారదర్శకమైన టేపుతో మూసి, బాగుచేయించేవరకు కారు కడగకుండా ఉండాలి. వేడెక్కిన అద్దం మీద చల్లని నీళ్లు, గడ్డకట్టిన అద్దం మీద వేడినీళ్లు పోయడం ఎప్పుడూ మంచిది కాదు, చిట్లు ఉన్నప్పుడైతే చేతులారా దాన్ని పొడవాటి పగులుగా సాగదీయడమే.

అద్దం మార్చక తప్పనప్పుడు కూడా యజమాని రెండు విషయాలు పట్టించుకోవాలి. అద్దాన్ని చట్రానికి పట్టి ఉంచేది యూరిథేన్ జిగురు. అది ఆరడానికి తయారీదారు చెప్పిన గడువు తీరేవరకు కారు నడపకూడదు, ఆ తరువాత కూడా కొన్నాళ్ల పాటు అంచుల మీద అధిక పీడనంతో నీళ్లు కొట్టించకూడదు. ఎందుకంటే ప్రమాదంలో పైకప్పును నిలబెట్టడంలో ఈ అద్దానికి భాగముంది. చాలా కార్లలో పక్క సీటు ముందు తెరుచుకునే ఎయిర్‌బ్యాగు దీనినే ఆనుకుని నిలుస్తుంది. రెండవది, నేటి కార్లలో చాలావాటికి అద్దం వెనుక పైభాగంలో కెమెరా ఉంటుంది. లేన్ తప్పినప్పుడు హెచ్చరించేదీ, ఎదుటి వాహనాన్ని గుర్తించి బ్రేకు వేసేదీ దాని చూపును బట్టే. అద్దం మార్చిన ప్రతిసారీ తయారీదారు సూచించిన పద్ధతిలో ఆ కెమెరా గురిని తిరిగి సరిచేయవలసి ఉంటుంది. అది జరిగిందా, జరిగితే దానికి రుజువుగా కాగితం ఇస్తారా అని డబ్బు చెల్లించే ముందే అడగవలసిందిగా మీ పాఠకులకు నా మనవి.

ఇట్లు,
భవదీయుడు,
కార్ల అద్దాలు బిగించే ఒక పాఠకుడు